కట్టు విప్పినాక కోలాటం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు దాదాపు నలభై కిలోమీటర్లు. కర్నూలు–కడప హైవేలోని ఈ ముక్క మీద కాలో చెయ్యో విరగ్గొట్టుకున్నవాళ్లు చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఆపరేషన్ ఎక్కడ బాగా చేస్తారు, ప్లేటు వేయించుకోవాలా, పుత్తూరు కట్టుకు పోవాలా అని అరుగుల మీద గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఎముక అతుక్కున్న తర్వాత ఆ కాలు మళ్లీ పనికి ఎట్లా వస్తుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కట్టు విప్పినరోజే కథ అయిపోయిందనుకుంటారు. అసలు కథ ఆరోజే మొదలవుతుందని నా నమ్మకం.

ఈ సంగతి మీద ఇద్దరు వాదించుకుంటుంటే విన్నాను. ఒకాయన ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో చెక్కభజన, కోలాటం నేర్పే గురువు. రెండో మనిషి ఆయన తమ్ముడి కూతురు, నంద్యాలలో ఫిజియోథెరపిస్టు. ఊళ్లో అందరికీ డాక్టరమ్మే. తగువు గురువు భార్య కాలి గురించి. ఆమె దీపావళికి ముందు ఆటో దిగుతూ పడి కుడి చీలమండ విరగ్గొట్టుకుంది. ప్లేటు వేసినారు, ఆరు వారాలు కట్టులో ఉంది. ఇప్పుడు సంక్రాంతి దాటింది. కనుమనాడు అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరినాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి జనాన్ని తానే పిలుచుకోవడానికి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు పల్లకిలో తిరుగుతాడు. ఇంకొన్నాళ్లలో వీళ్ల ఊరి వంతు వస్తుంది.

గురువు: స్వామి వచ్చినప్పుడు మీ పెద్దమ్మ కోలాటం ఆడాల. ఏండ్ల తరబడి జట్టుకు ముందర నిలబడే మనిషి. నువ్వు సరే అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా.

డాక్టరమ్మ: ఇంతసేపూ ఆ కాలే చూసినాను పెద్దనాయనా. ఎముక అతుక్కుంది, దానికేం ఢోకా లేదు. కానీ రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడు, కుడిది ఎంత సన్నబడిందో నీకే తెలుస్తుంది. కట్టులో ఉన్న కండ ఊరికే కరిగిపోతుంది. పాదం పైకి వంగడం లేదు. గొంతుకూర్చోమంటే మడమ నేలకు ఆనడం లేదు. ఇవి పైకి కనపడేవి. కనపడనిది ఇంకోటుంది. కళ్లు మూసుకున్నా మన పాదం ఏ వంపులో ఉందో మనకు తెలుస్తుంది చూడు, ఆ కబురు కీలు చుట్టూ ఉండే పట్టీల్లోంచి మెదడుకు పోతుంది. చీలమండ విరిగినప్పుడు చాలాసార్లు ఆ పట్టీలు కూడా దెబ్బతింటాయి. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకో పెద్దమ్మా అన్నాను. మూడు లెక్కపెట్టేలోపలే గోడ పట్టుకుంది.

గురువు: మరి ఆ తెలివి కాలికి మళ్లీ యాడినుంచి వస్తుంది? మంచం మీద కూర్చుంటే వస్తుందా?

డాక్టరమ్మ: కూర్చోమని నేనెప్పుడూ చెప్పలేదు. చేయాల్సినవన్నీ రాసిచ్చినాను. కింద పరిచిన గుడ్డను కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవాలి. మడమలెత్తి దించాలి. మెట్టెక్కి దిగాలి. ఒంటికాలి మీద నిలబడాలి. రోజుకు రెండుసార్లు.

గురువు: ఆ కాగితం క్యాలెండరు పక్కన గోడకు అతికించి ఉండాది, పోయి చూడు. వారం రోజులు చేసింది. తర్వాత పాలు పిండుకోవాల, బువ్వ వండాల, మనవడిని బడికి పంపాల. ఎవరూ లేని మూలలో ఒక్కతే నిలబడి మడమలెత్తు, దించు అంటే ఎన్నాళ్లు చేస్తాది? నీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ కాగితం చివరిదాకా చేసినవాళ్లు ఎంతమంది, నువ్వే చెప్పు.

డాక్టరమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆమెకు తెలియని సంగతి కాదు ఇది. ఆళ్లగడ్డ పల్లెల నుంచి నంద్యాలకు రావాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి, తోడుకు ఇంకొకరి కూలి పోతాయి. రెండుసార్లు వచ్చి మూడోసారి రారు. ఇంట్లో చేసుకోమని ఇచ్చిన కాగితం గోడ మీద పసుపెక్కుతుంది. మన దగ్గర కాళ్లు కుంటుబడటానికి ఆపరేషన్లు చెడిపోవడంకంటే ఈ ఒంటరి వ్యాయామం మూలపడటమే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

డాక్టరమ్మ: చాలా తక్కువమంది. ఒప్పుకుంటాను. లయకు కాళ్లను కదిలించే బలం ఉందని కూడా ఒప్పుకుంటాను. అమెరికాలో బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నాట్యబృందం 2001 నుంచి పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకు నాట్యం నేర్పుతోంది. అడుగు తీయబోతే నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయే మనుషులు వాళ్లు. తాళం వినబడితే కదులుతారు. కొలరాడోలో మైకేల్ థాట్ అనే ఆయన 1990లలో పక్షవాతం వచ్చినవాళ్లను తాళానికి నడిపించి చూసినాడు. నడక వేగం పెరిగింది, అంగ సాగింది.

గురువు: ఇంకేం మరి! నేను చెప్పేదానికి నువ్వే సాక్ష్యం తెచ్చినావు.

డాక్టరమ్మ: తొందరపడొద్దు. అక్కడ దెబ్బతిన్నది మెదడు. తాళం ఆ మెదడుకు ఊతకర్ర అవుతుంది. పెద్దమ్మ మెదడుకేం కాలేదు, విరిగింది చీలమండ. వాళ్లకు పనిచేసింది కాబట్టి ఈమెకూ అట్లే పనిచేస్తుందని నేను చెప్పను. ఇంకో మాట. ఆరోజు ఈమె ఎట్లా పడింది? కుడిపాదం నేల మీద నాటుకుపోయింది, ఒళ్లు పక్కకు తిరిగింది. కోలాటంలో ప్రతి చుట్టుకూ చేసేది అదే కదా! పాదం ఆనించి ఒళ్లు తిప్పడం. ఉత్త కాళ్లతో, సిమెంటు రోడ్డు మీద, రాత్రిపూట, జనం తోసుకుంటుంటే. జడకోలాటమైతే ఇంకా కష్టం, పక్కమనిషి తాడు కిందినుంచి దూరి పోవాలి. ఇక ఎగిరే అడుగులంటావా, ఎగిరి దిగినప్పుడు ఒంటి బరువుకు మూడు నాలుగు రెట్లు కాలి మీద పడుతుంది. ఆ పిక్క దాన్ని ఆపలేదు.

గురువు: అన్ని అడుగులూ ఒకరోజే ఆడమంటానా? నా దగ్గర కొత్తగా చేరిన పిల్లోళ్లకు మొదటి నెల కోలలే చేతికియ్యను. వట్టి నడక. తాళానికి నడవాల, తాళానికి ఆగాల. అది కుదిరినాక నిలబడినచోటనే కోలలు తగిలించడం. తర్వాత ఆ రెండూ కలిపి నిదానంగా. వంగి లేచే అడుగు ఆ తర్వాత. తిరుగుడు దాని తర్వాత. ఎగిరేది అన్నిటికంటే కడాకు. మధ్యలో ఎవరికన్నా తప్పితే మళ్లా వెనక్కి, నడకకు. మా గురువు నాకట్ల నేర్పినాడు, నేనూ అట్లనే నేర్పుతాండా.

డాక్టరమ్మ: (కొంచెం ఆగి) ఈ వరస ఎవరు చెప్పినారు నీకు?

గురువు: చెప్పినా కదా, మా గురువు.

డాక్టరమ్మ: నేను నాలుగున్నరేళ్లు చదివింది ఇదే వరస పెద్దనాయనా. ముందు రెండు కాళ్ల మీద బరువు, తర్వాత ఒక కాలి మీద, తర్వాత కదులుతూ, తర్వాత తిరుగుతూ, చివరికి ఎగురుతూ. ఒకటి కుదిరితేనే రెండోదానికి పోవాలి. కానీ నీకూ నాకూ ఒక తేడా ఉంది. నీ దగ్గర ఒకరు తప్పితే తాళం తప్పుతుంది, నీకు వినబడుతుంది. కాలి లోపల తప్పితే నీకు వినబడదు. రాత్రి ఆడినప్పుడు ఒళ్లు వేడి మీద ఏమీ తెలియదు. తెల్లారి లేచేసరికి చీలమండ ఉబ్బి ఉంటుంది. అప్పుడు గాని కాలు తన మాట చెప్పదు.

గురువు: అది మేమూ ఎరుగుదుము. భజన ఆడిన మర్నాడు ఎవరి కాళ్లు నొప్పి పుట్టవు?

డాక్టరమ్మ: నొప్పి వేరు, వాపు వేరు. కండ పట్టేసిన నొప్పి పర్వాలేదు. తెల్లారికి కీలు ఉబ్బిందంటే నిన్న ఎక్కువైందని లెక్క. ఆరోజు తగ్గించాలి. నీ జట్టులో అట్లా తగ్గించి ఆడనిస్తారా ఎవరినన్నా?

గురువు ఈసారి మాట మార్చినాడు. మన దగ్గర ఈ వాదన ఎక్కడ మొదలైనా చేరే చోటికే ఆయనా చేరినాడు.

గురువు: ‘మయూరి’ సినిమా చూసినావా నువ్వు? కాలు పోయిన ఆడపిల్ల కొయ్యకాలు పెట్టుకొని నాట్యం చేయలేదా? మీ పెద్దమ్మకు రెండు కాళ్లూ ఉండాయి.

డాక్టరమ్మ: చూసినాను. సుధాచంద్రన్ కథ అది. 1981లో తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదం జరిగింది, అప్పటికి పదహారేళ్ల పిల్ల. కాలు కుళ్లు పట్టడంతో మోకాలి కింద తీసేసినారు. మళ్లీ వేదిక ఎక్కింది 1984 జనవరిలో, బొంబాయిలో. ఆ తర్వాతే సింగీతం శ్రీనివాసరావు గారు సినిమా తీసినారు, ఆమె పాత్ర ఆమే వేసింది, జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ అవార్డు తీసుకుంది. ప్రమాదానికీ వేదికకూ మధ్య రెండున్నరేళ్లు ఉన్నాయి పెద్దనాయనా. అందులోనూ ఆమె పసితనం నుంచి భరతనాట్యం నేర్చుకున్న మనిషి. జనానికి గుర్తున్నది మాత్రం నెత్తురు కారుతున్నా ఆపకుండా ఆడిన పట్టుదల. అదే నాకు భయం. ఆ సినిమా తలుచుకొని వచ్చే ఆడవాళ్లు నా దగ్గర నొప్పి దాచిపెడతారు. నొప్పి చెప్పుకోవడం ఓటమి అనుకుంటారు.

గురువు: నెత్తురు సంగతి వదిలెయ్. ఆ రెండున్నరేండ్లు ఆమెను నడిపించిందేంది? నాట్యమే కదా! మామూలుగా నడిస్తే చాలు అనుకోనుంటే, ఇంట్లో నాలుగడుగులు వేసి ఊరుకునేది. ఆడాల అనుకుంది గనక నడిచింది. మనిషికి తిరిగి పోయేదానికి ఒక చోటు ఉండాల. మీ పెద్దమ్మకు ఆ చోటు జట్టుకు ముందర ఉండాది. మీ కాగితంలో అది ల్యా.

డాక్టరమ్మ: ఈ మాట బాగుంది.

గురువు: ఆ కొయ్యకాలు ఎవరు చేసినారు?

డాక్టరమ్మ: కొయ్యది కాదు, దాని పాదం రబ్బరుది. జైపూర్ కాలు అంటారు. 1968 ప్రాంతంలో జైపూర్‌లో తయారైంది. డాక్టర్ పి.కె. సేథీ, ఆయనతోపాటు రామచంద్ర శర్మ. శర్మ డాక్టరు కాదు, చేతిపని తెలిసిన కళాకారుడు. విదేశాల నుంచి తెచ్చిన కాళ్లు బూట్లకోసం చేసినవి. వాటితో గొంతుకూర్చోలేరు, మడిలో దిగలేరు, చెప్పుల్లేకుండా నడవలేరు. మన నేలకు, మన బతుక్కు తగ్గ కాలు వీళ్లిద్దరూ కలిసి చేసినారు. 1981లోనే సేథీకి మెగసెసే అవార్డు వచ్చింది.

గురువు: చూడు మరి. మన ఆళ్లగడ్డలో రాతికి దేవుళ్లను చెక్కేవాళ్లు లేరా, అట్లాంటి చేతులవాడు పక్కన నిలబడితేనే ఆ డాక్టరు పని అయింది. నన్ను నీ పక్కన నిలబడనీ.

ఇక్కడితో ఇద్దరూ ఒకటైపోయినారనుకున్నాను. కాలేదు. గురువు మనసులో ఇంకో మంట ఉంది. అది ఇంతసేపూ బయటికి రాలేదు.

గురువు: ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. పోయిన వారం మీ పెద్దమ్మ శనగచేనికి పోయింది. శనగ పీకేదానికి మనుషులు దొరకలేదు. పొద్దున ఆరింటికి పోయి మధ్యాహ్నందాకా వంగింది, కూర్చునింది, లేచింది. నల్లరేగడి గడ్డల మీద అటూ ఇటూ తిరిగింది. ఒక్కరన్నా వద్దన్నారా? నేనూ అనలే. ఇంట్లో పిల్లోళ్లూ అనలే. కోలాటం అనేసరికి అందరికీ ఆమె కాలు గుర్తొచ్చింది.

డాక్టరమ్మ: నాకు తెలిసుంటే నేను అనేదాన్ని.

గురువు: అనేదానివే. ఎవరు వింటారు? పని ఆగదు. కట్టు విప్పించుకున్నోళ్లంతా మర్నాడు చేనికే పోతాండారు. ఒళ్లు ఓర్చుకుంటుందా లేదా అని చేను అడగదు. సాలు మధ్యలో ఆపి ఇంటికి రావాలంటే కూలి పోతుంది. అదే కోలాటమైతే, ‘కాలు లాగుతాంది, ఈ పాటకు నేను పక్కన నిలబడతా’ అనొచ్చు. ఎవరూ ఏమనుకోరు. ఆమె తన ఇష్టానికి మొదలుపెట్టి, తన ఇష్టానికి ఆపగలిగిన పని ఈ ఊళ్లో అదొక్కటే. దాన్నే వద్దంటావా?

ఆ వాదనంతటిలో నాకు బలంగా తగిలిన మాట ఇది. గాయం తర్వాత నాట్యం మంచిదా కాదా అని మనం లెక్కలు వేసేటప్పుడు ఒక పక్క నాట్యాన్ని, ఇంకో పక్క విశ్రాంతిని పెట్టుకుంటాం. కూలికి పోయే ఆడమనిషికి ఆ విశ్రాంతి ఎక్కడుంది? ఆమెకు ఒక పక్క శనగచేను, రెండో పక్క రామాలయం ముందర కోలాటం. ఆ రెంటిలో కాలికి ఏది మెల్లగా, మెట్టుమెట్టుగా బలమిస్తుందో చూడాలి. అట్లా చూస్తే గురువు వాదన తేలిగ్గా తీసేసేది కాదు.

డాక్టరమ్మ: లేదు, వద్దనను. అయితే పారువేట రోజు ఒక్కటే పెట్టుకొని చూడొద్దు. రోజూ సాయంత్రం రామాలయం దగ్గర పావుగంట ఆడించు. మొదటి రెండు వారాలు నీ వట్టి నడక. కుడికాలు లోపలికి వచ్చేట్టు తిరిగితే దాని మీద మెలి ఎక్కువ పడుతుంది, కొన్నాళ్లు ఎడమకు తిప్పు. ఎన్ని చుట్లు తిరిగిందో రాసిపెట్టు. తెల్లారి వాపు ఉందా లేదా అది కూడా రాయి.

గురువు: నేర్చేటప్పుడు ఎటు తిరిగినా పర్వాలేదు. స్వామి ముందర మాత్రం ప్రదక్షిణంగానే తిరగాల, అది మారదు. ఇక రాసేది అంటావా, నేను రాయను.

డాక్టరమ్మ: ఎందుకు?

గురువు: రాసిన దినమే అది నీ కాగితమైపోతుంది. కోలాటం మందు కాదు పాపా. పూటకొకటి మింగేది కాదు. దేవుడి పేరు పాడుకుంటా పదిమందితో అడుగు కలిపేది. మీ పెద్దమ్మ కాలి కోసం కోలాటానికి రాలేదు ఎప్పుడూ. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు మాడవీధుల్లో ఆడేవాళ్లను చూడు, ఎండలో, వానలో ఆడతారు, ఎవరూ చుట్లు లెక్కపెట్టుకోరు. ఇది నీ కాలికి వ్యాయామం అని చెప్పినావంటే, వారం తర్వాత దాన్నీ గోడకు అతికిస్తుంది.

డాక్టరమ్మ: లెక్క లేకపోతే ఎక్కువైంది తక్కువైంది ఎట్లా తెలుస్తుంది? భక్తితో ఆడినంత మాత్రాన కీలు ఉబ్బకుండా ఉంటుందా?

గురువు: ఉబ్బుతుంది. లెక్క నువ్వు పెట్టుకో, ఆమెకు చెప్పొద్దు. ఇన్ని పాటలకు మించొద్దు అని నాకు చెప్పు. నేను అన్నే పాడిస్తా. పాట ఆగితే అడుగు ఆగుతుంది. ఆమె నిన్ను గాని నన్ను గాని అడగాల్సిన పనిలేదు.

డాక్టరమ్మ: పాటతో లెక్కా... సరే, అది చేయొచ్చు. మొదటి వారం రెండు పాటలు. నిదానం పాటలు. కానీ మడమలెత్తడం మానకూడదు, దాని బదులు కోలాటం చాలదు. పిక్క బలం వట్టి నడకతో పూర్తిగా తిరిగి రాదు. నేను చూసినాను, ఎడమకాలి ఒక్కదాని మీదే నిలబడి ఇరవైసార్లు మడమ ఎత్తింది. కుడికాలి మీద ఆరోదానికే ఆగిపోయింది.

గురువు: కోలలు పట్టుకొని వరసలో నిలబడేముందు అందరూ మడమలెత్తాల అని పెడతా. పిల్లోళ్లు, పెద్దోళ్లు, అందరూ. నేను చెక్కలు వాయిస్తా, దానికి ఎత్తి దించడమే. ఆమె ఒక్కతే అయితే సిగ్గుపడతాది, ఇరవైమందిలో పడదు.

డాక్టరమ్మ: అదీ మంచిదే. కానీ మీ ఊరికి స్వామి వచ్చేసరికి ఇదంతా అయ్యేది కాదు పెద్దనాయనా. ఆరోజు పెద్దమ్మ కోలలు పట్టుకొని పల్లకి వెంట నడవచ్చు, పాడవచ్చు. తిరగకూడదు, ముందర నిలబడకూడదు.

గురువు: ముందర నిలబడకపోతే ఆమె ఇంట్లోంచి రాదు. నాకు తెలుసు.

ఇంతసేపూ లోపల బియ్యం ఏరుకుంటున్న మనిషి అప్పుడు గడపలోకి వచ్చింది. ఎవరి కాలి గురించి ఇంత వాదన నడిచిందో ఆమెను ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాటైనా అడగలేదు.

‘వస్తా. వెనక నడుస్తా. దానికేం? మా అమ్మగారి ఊరికి స్వామి కడాకు పోతాడు, ఇంకా నెల ఉండాది. అక్కడ నేను ముందర నిలబడాల. చెప్పు పాపా, అప్పటికి అయితాదా కాదా?’

డాక్టరమ్మ: మాట ఇవ్వలేను పెద్దమ్మా. కుడికాలి మీద పదిహేనుసార్లు మడమ ఎత్తాలి. కళ్లు మూసుకొని పది లెక్కపెట్టేదాకా నిలబడాలి. తెల్లారి వాపు ఉండకూడదు. ఇవన్నీ అయితే ముందర నిలబడు. ఎగిరే అడుగు మాత్రం అప్పుడు కూడా వద్దు.

గురువు: ఆ ఊళ్లో మేం ఎప్పుడూ కడాకు ఆడేది ఎగిరే పాటే.

డాక్టరమ్మ: ఈ ఏడు ఇంకోటి ఆడండి.

గురువు: అయితే కొత్త పాటకు అడుగు కట్టాల. (లోపలికి తిరిగి) ఆ కోలల సంచి యాడ పెట్టినావే?